చలించని ముప్పై ఎనిమిది

మా సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో గోడమీద ఒక మీటరు ఉండేది. దానికి ప్రతి సోమవారం కొత్త పూలదండ వేసేవాళ్లు. అది చూపించే అంకె ముప్పై ఎనిమిది. ఎనిమిది నెలలపాటు అది ముప్పై ఏడు కాలేదు, ముప్పై తొమ్మిదీ కాలేదు. ఆ ఘనత నాదేనని అందరూ అన్నారు. నిజంగానే నాది. ఎలా నాదో చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు నాగుల్‌మీరా. పల్నాటి సున్నపురాతి గుట్టల నడుమ ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పని. నా గురించి అదే పని చేసేవాళ్లు ఎవరూ లేకపోబట్టి ఇరవై ఏళ్లుగా మంచి పేరుతోనే ఉన్నాను.

సున్నపురాయి కాల్చే మా బట్టీకి కావలసిన బొగ్గును పిండి చెయ్యడానికి ఒక మిల్లు ఉంది. బొగ్గుపిండి చాలా చెడ్డ సరుకు. ఏదో ఒక మూల పేరుకుని, తనలో తాను వేడెక్కి, మంట కనిపించకుండా లోలోపలే రాజుకుంటుంది. గమనించకపోతే పేలుతుంది. రాజుకోవడం మొదలుపెట్టగానే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు పుడుతుంది. అందుకని మిల్లు నాలుగో అంతస్తులో గ్యాస్ ఎనలైజర్ అనే పెట్టె పెట్టారు. అది సన్నటి గొట్టంతో మిల్లులోని గాలిని పీల్చి, అందులో ఆ గ్యాసు ఎంతుందో కొలిచి, వైరు ద్వారా కింద కంట్రోల్ రూముకి కబురు పంపుతుంది. రెండొందల యాభై దాటితే గంట మోగుతుంది. అయిదొందలు దాటితే మిల్లు దానంతటదే ఆగిపోతుంది.

ఇది కాక మిల్లు దగ్గర ఇంకో పరికరం కూడా ఉండేది. దాని పేరు ఏసోబు. పాతికేళ్లుగా అక్కడే అటెండరు. బొగ్గు రాజుకున్న వాసన ఎనలైజర్ కన్నా ముందు ఆయన ముక్కుకే తెలిసేది. కానీ ఆయన మీటర్ల రిజిస్టరులో లేడు.

ఇలా ఉండగా మా చైర్మన్ గారు ఎక్కడో కొండల్లో మూడు రోజుల శిబిరానికి వెళ్లి వచ్చారు. ఏది జరిగినా చలించకుండా ఉండటమే అన్ని విజయాలకూ మూలమని అక్కడ బోధించారట. ఆయన తను చలించకుండా ఉండి ఊరుకుంటే సరిపోయేది. సంస్థ మొత్తం చలించకూడదని తీర్మానించారు. నెల తిరక్కుండానే సర్క్యులర్ వచ్చింది.

"ఇకమీదట సంస్థ యందలి ఏ రీడింగులోనైనను మార్పు సంభవించినచో, సదరు మార్పునకు గల కారణమును విధులలో నున్న ఉద్యోగి ఇరువది నాలుగు గంటలలోగా ఆరు ప్రతులలో లిఖితపూర్వకముగా సమర్పించవలెను."

దీన్ని అమలు చెయ్యడానికి విచలన నివారణ విభాగం అని ఒకటి పుట్టింది. అంతవరకూ గెస్ట్ హౌస్ చూసుకునే పరాంకుశం గారిని దానికి అధిపతిని చేశారు. మంచి మనిషి. గెస్ట్ హౌస్‌లో దుప్పట్లు ఎలా లెక్కపెట్టి మడతపెట్టించేవారో, రీడింగుల్ని కూడా అలాగే మడతపెట్టించాలని ఆయన కోరిక. గేటు మీద బోర్డు రాయించారు: "చలనం లేని సంస్థ, చెదరని ప్రగతి."

బట్టీ వేడి నిమిష నిమిషానికీ మారుతుంది. అది దాని స్వభావం. ఆపరేటర్లు బట్టీని వదిలేసి కాగితాలు రాయడం మొదలుపెట్టారు. బొగ్గు తక్కువ పడ్డందువల్ల వేడి తగ్గిందని రాస్తే, "బొగ్గు తక్కువ పడుటకు గల కారణము పేర్కొనబడలేదు" అని వెనక్కి వచ్చేది. బొగ్గు తడిసిందని రాస్తే తడవడానికి కారణం అడిగేవారు. వాన పడిందని రాసినవాడికి వాన గురించి ముందే ఎందుకు తెలియజేయలేదని మెమో ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక బుధవారం నేను ఎనలైజర్‌ని సరిచూడటానికి నాలుగో అంతస్తు ఎక్కాను. సరిచూడటమంటే, ఎంత గ్యాసు ఉందో ముందే తెలిసిన సిలిండర్ తగిలించి, పెట్టె అదే అంకె చెబుతుందా లేదా అని చూడటం. ఆ పరీక్ష గ్యాసుకు బెదిరి మిల్లు ఆగిపోకుండా ముందు హోల్డ్ అనే మీట నొక్కాలి. అప్పుడు పైన పెట్టె ఎన్ని అంకెలు మార్చినా కిందికి మాత్రం ఆఖరి అంకే వెళుతూ ఉంటుంది. పని అయ్యాక మీట మళ్లీ నొక్కి వదిలెయ్యాలి.

హోల్డ్ నొక్కినప్పుడు అంకె ముప్పై ఎనిమిది. సగం పనిలో సిలిండర్ ఖాళీ అయింది. కొత్త సిలిండర్ కోసం స్టోర్సుకి ఇండెంటు రాయాలి. ఇంతలో భోజనాల సైరన్ మోగింది. బుధవారం మా క్యాంటీన్లో గోంగూర. తొంభై రెండు మెట్లు దిగాను. మళ్లీ ఎక్కలేదు. కొత్త సిలిండర్ ఎందుకు అవసరమైందో, పాతది ఖాళీ అవడమనే మార్పు ఎందుకు సంభవించిందో వివరించమని నా ఇండెంటు వెనక్కి వచ్చింది. నాకు విసుగుపుట్టి దాన్ని సొరుగులో పడేశాను.

పదిహేను రోజుల తర్వాత పరాంకుశం గారు స్వయంగా మా సెక్షన్‌కి వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు.

"నాగుల్‌మీరా గారూ! సంస్థలో గల నాలుగు వందల పన్నెండు మీటర్లలో ఒక్క మీటరుపై మాత్రమే ఒక్క వివరణ పత్రమూ రాలేదు. అది మీ ఎనలైజర్. దానిని అంత క్రమశిక్షణలో ఎట్లు పెట్టగలిగితిరి?"

"ఏదో సార్, మీ దయ," అన్నాను. మెచ్చుకున్నప్పుడు ఏమనాలో నాకు వేరే తెలియదు.

అంతే, ముప్పై ఎనిమిదికి రోజులొచ్చాయి. మీటరుకి దండ పడింది. దేశంలోకెల్లా స్థిరమైన రీడింగు అని దానికి బహుమతి వచ్చింది. మా జనరల్ మేనేజర్ చక్రపాణి గారు దాని ముందు నిలబడి ఫొటో దిగారు. వేరే ఊళ్ల ఫ్యాక్టరీల నుంచి మనుషులు బస్సుల్లో వచ్చి, నోరు మెదపకుండా దాన్ని పావుగంటసేపు చూసి, టిఫిన్ తిని వెళ్లేవారు. పైన ఎనలైజర్‌ని ఎవరూ ముట్టుకోకుండా దాని మీటల మీద టేపు వేసి, జి.ఎం. గారి సంతకంతో లక్క సీలు వేశారు. సీలు తీసినవాడి ఉద్యోగం తీసేస్తామని పక్కనే కాగితం అంటించారు.

మిగతా మీటర్లకు ముప్పై ఎనిమిదిని చూసి నేర్చుకోమన్నారు. ఆపరేటర్లు తెలివైనవాళ్లు, త్వరగానే నేర్చుకున్నారు. ఎవరి మీటరుని వాళ్లు ఏదో ఒక ఉపాయంతో ఒక మంచి అంకె దగ్గర నిలబెట్టుకున్నారు. గేటు దగ్గర ఎండ వేడి చూపించే బోర్డు ముప్పై రెండు దగ్గర ఆగింది. అది పల్నాడు, అది మే నెల. తారు కరిగి చెప్పులు రోడ్డుకి అతుక్కుంటుంటే జనం ఆ బోర్డు కింద నిలబడి చెమట తుడుచుకుంటూ, ఈ ఏడు ఎండలు ఫరవాలేదనుకునేవారు. డిస్పెన్సరీలో కాంపౌండరు అందరికీ బీపీ నూట ఇరవై, ఎనభై అని రాసేవాడు. ఒకరోజు చక్రపాణి గారికి కళ్లు తిరిగాయి. నూట ఇరవై, ఎనభై అని చీటీ చూపించగానే, కళ్లు తిరగడం తన పొరపాటేనని ఒప్పుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

తర్వాత బట్టీలో ఇటుకలు మార్చడానికి ఫ్యాక్టరీని వారం రోజులు ఆపారు. బొగ్గు మిల్లూ ఆగింది. లోపల బొగ్గు లేదు, గాలి లేదు. మీటరు మాత్రం ముప్పై ఎనిమిది. ఆగిపోయిన మిల్లులో ముప్పై ఎనిమిది ఎక్కడిదని నాకు అనుమానం వచ్చింది. వైరులో ఏదో లోపం ఉందనే అనుకున్నాను. వెళ్లి చూద్దామనుకుంటుండగా సభకు రమ్మన్నారు.

"ఫ్యాక్టరీ ఆగవచ్చు, మిల్లు ఆగవచ్చు," అన్నారు చక్రపాణి గారు మైకులో. "కానీ ఈ మీటరు తన విధిని ఒక్క క్షణమైనా ఆపలేదు! ఇదియే నిబద్ధత!"

చప్పట్లు మోగాయి. నాకొక గోడగడియారం ఇచ్చారు. చేతిలో గడియారం పెట్టుకుని లోపం గురించి మాట్లాడటం ఎలాగో నాకు తెలియలేదు. ఇంటికెళ్లి మేకు కొట్టాను.

ఫ్యాక్టరీ మళ్లీ నడిచిన మూడో వారం, ఒక మంగళవారం ఉదయం పదిగంటలకు ఏసోబు కంట్రోల్ రూముకి ఫోన్ చేశాడు. "వాసనొస్తంది. తడి గోనెసంచి కింద నిప్పు పెట్టినట్టుంది. మీ మీటరు ఏమంటంది?" అని అడిగాడు. ముప్పై ఎనిమిది అన్నారు. ఆయన ఫోన్ పెట్టేసి, ఎర్ర బటన్ నొక్కి మిల్లు ఆపేశాడు.

తెరిచి చూస్తే ఫిల్టరు సంచుల కింద ఒక మూల బొగ్గుపిండి అట్టకట్టి ఎర్రగా ఉంది. ఏసోబు దాన్ని పారతో గీకి బకెట్లో వేసుకుని, నీళ్లు పోసి, సాక్ష్యంగా పరాంకుశం గారి బల్ల ముందు పెట్టాడు.

"బకెట్టు గుర్తింపు పొందిన కొలత పరికరము కాదు," అన్నారు పరాంకుశం గారు. మర్నాడే ఏసోబుని సస్పెండు చేశారు. రీడింగు ముప్పై ఎనిమిది ఉండగా, సదరు రీడింగు పట్ల అవిశ్వాసము ప్రకటించుచూ మిల్లును నిలుపుట అన్నది నేరం. విచారణలో రుజువైతే ఉద్యోగం పోతుంది.

ఆ మధ్యాహ్నమే నేను నాలుగో అంతస్తు ఎక్కాను. సీలు వేసిన మీటల పైన అద్దంలో పెట్టె అంకె కనిపిస్తోంది: తొంభై ఏడు. చూస్తుండగానే నూట మూడు, మళ్లీ తొంభై తొమ్మిది. పెట్టె శుభ్రంగా కొలుస్తోంది! మరి కింద ముప్పై ఎనిమిది ఎందుకు? ఎనలైజర్ కిందికి అంకెను పంపదు, చిన్న కరెంటుని పంపుతుంది. నాలుగు మిల్లీ ఆంపియర్లంటే సున్నా, ఇరవై అంటే వెయ్యి. పక్కనున్న జంక్షన్ పెట్టె తెరిచి కరెంటు కొలిచే మల్టీమీటరు పెట్టాను. నాలుగు పాయింట్ ఆరు, అంటే ముప్పై ఎనిమిదే. పైన అంకె మారుతోంది, కరెంటు మారడం లేదు. వైరు బాగుంది, స్క్రూలు బిగువుగానే ఉన్నాయి. అప్పుడు అద్దం మూలన చిన్న అక్షరం మిణుకుమిణుకుమంటూ కనిపించింది. హోల్డ్ గుర్తు.

గోంగూర గుర్తొచ్చింది. అక్కడే మెట్లమీద కూలబడ్డాను. ఎనిమిది నెలలుగా అది నిజం చెబుతూనే ఉంది, నేనే దాని నోరు మూసి వచ్చాను.

సీలు తీస్తే నా ఉద్యోగం పోతుంది. తప్పు ఒప్పుకున్నా పోతుంది. అందుకని ఎవరికీ ఏమీ కాని దారి ఒకటి ఆలోచించాను. రీడింగు మార్పు అనుమతి పత్రం నింపి పరాంకుశం గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు.

"ఏడవ గడి ఖాళీగా ఉన్నది. 'మార్పు పిమ్మట రాబోవు రీడింగు.'"

"అది సీలు తీస్తేగానీ తెలియదు సార్."

"తెలియని రీడింగునకు అనుమతి ఎట్లు ఇవ్వగలము? ఏదియో ఒకటి వ్రాయండి."

"నూరు రాయమంటారా?"

ఆయన ముఖం పాలిపోయింది. "అనగా అరవై రెండు మేరకు విచలనమును మీరు ముందుగానే సంకల్పించితిరి!"

"పోనీ ముప్పై ఎనిమిదనే రాస్తాను."

"అట్లయిన మార్పే లేదు గదా. మార్పు లేని మార్పునకు అనుమతితో పని లేదు," అని పత్రం మడిచి, ఎంతో ఆప్యాయంగా నా జేబులో పెట్టారు.

ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా టీకొట్టు ఉంది. సస్పెండైన రోజు నుంచీ ఏసోబు పొద్దున్నే సైకిలు మీద అక్కడికి వచ్చి, సాయంత్రం షిఫ్టు మారేదాకా బల్లమీద కూర్చుంటున్నాడు. ఒకరోజు నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఇక్కడేం చేస్తున్నావు బాబాయ్?"

"మిల్లు గాలి ఇటే మళ్లుతదిరా. ఈడ కూసుంటే తెలుస్తది." టీ ఊదుకుంటూ అన్నాడు. "లోపల ఇప్పుడు కొత్తోణ్ణి పెట్టారు. ఆడికి మీటరు తప్ప ఏం తెలవదు. ఏదన్నా అయితే పోయేది ఆడే గదా."

ఇక నావల్ల కాలేదు. గోంగూర దగ్గర్నుంచి గడియారం దాకా అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"అయితే నా ముక్కు బాగానే ఉందంటావా?"

"బాగానే ఉంది బాబాయ్."

"అందరూ ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది అంటుంటే నాకే అనుమానమొచ్చిందిరా అబ్బాయ్. ఇంట్లో కూర మాడినా నమ్మబుద్ధి కాలా. ఏమే, మాడిందా అని మా ఇంటిదాన్ని అడిగి కనుక్కుంటన్నా." కళ్లు తుడుచుకుని నవ్వాడు. "పోనీలే. ఇది జాలు నాకు. నీక్కూడా పిల్లలున్నారు. నువ్వేం జెప్పబాక."

ఆ మాటకు సిగ్గుతో నా తల లేవలేదు. నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చాడు.

విచారణ సోమవారం పెట్టారు. కంట్రోల్ రూములోనే, మీటరు సమక్షంలో. దానికి ఆ రోజు బంతిపూల దండ. చక్రపాణి గారు అధ్యక్షులు. ప్రశ్నలు పరాంకుశం గారివి. ఏసోబు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాడు.

"వాసన వచ్చినదని చెప్పుచున్నారు. ఎంత వచ్చినది?"

"శానా వచ్చింది సార్."

"అంకెలలో చెప్పవలెను."

"వాసనకి అంకెలేంది సార్?"

"మీ ముక్కును ఆఖరు పర్యాయము సరిచూచినది ఎప్పుడు? సర్టిఫికెట్టు ఉన్నదా?"

"ముక్కుకి సర్టిఫికెట్టుండదు సార్. జలుబుంటది. ఆ రోజు అదీ లేదు."

పరాంకుశం గారు రాసుకుంటున్నారు. ఏసోబు ఉన్నట్టుండి తలెత్తి కిటికీ వైపు తిరిగాడు. "సార్! మళ్లీ వస్తంది. మొన్నటికంటే ఎక్కువుంది."

అందరం పీల్చాం. నాక్కూడా తెలిసింది, తడి గోనె కాలిన వాసన. చక్రపాణి గారు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఒకరిద్దరు దగ్గారు. తర్వాత అందరూ ఒకేసారి గోడవైపు చూశారు. ముప్పై ఎనిమిది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"సాక్షి నాగుల్‌మీరా," అన్నారు పరాంకుశం గారు, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ. "ప్రస్తుత రీడింగు ఎంత?"

"ముప్పై ఎనిమిది సార్. కానీ అది ఎనిమిది నెలల కిందటిది. హోల్డ్ తియ్యడం నేను మర్చిపోయాను. తప్పు నాది. ఏసోబు బాబాయ్ ముక్కు చెప్పిందే నిజం."

పరాంకుశం గారు విచారణ పత్రాన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "ఈ సమాధానమునకు ఇందులో గడి లేదు," అన్నారు దిగులుగా.

"దేశంలోనే స్థిరమైన రీడింగు అని బహుమతి అందుకున్నాం. మర్చిపోవడం వల్ల వచ్చేదయితే బహుమతి ఎందుకిస్తారు?" అన్నారు చక్రపాణి గారు రుమాలు లోంచి.

ఏసోబు నావైపు చూశాడు. "అబ్బాయ్, పైన కొత్తోడున్నాడురా," అన్నాడు.

తొంభై రెండు మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. దారిలో కొత్త అటెండరు చెయ్యి పట్టుకుని కిందికి పొమ్మని తోశాను. అద్దంలో అంకె ఆరువందల పన్నెండు. లక్క సీలు గోటితో రాలేదు, స్క్రూడ్రైవరుతో పెకలించాను. మీట నొక్కాను. చిన్న అక్షరం మిణుకుమనడం మానేసింది.

ఎనిమిది నెలల మౌనం తర్వాత మీటరు నోరు తెరిచింది. కింద గంటలు మోగాయి, మిల్లు దానంతటదే ఆగింది, మంట ఆర్పే గ్యాసు బుస్సుమంటూ లోపలికి పోయింది. ఏసోబు అప్పటికే మనుషులందర్నీ దూరంగా తోలేశాడు. సాయంత్రం మిల్లు తెరిచి, రాజుకున్న బొగ్గుపిండి తీస్తే ఎనిమిది బకెట్లయింది. ఒక్కరికీ గోరంత గాయం కాలేదు.

ఏసోబు మీద విచారణ ముగించారు. "మిల్లు తనంతట తానే ఆగినందున, మిల్లును నిలుపుట అనునది ఒక్క ఏసోబుకు మాత్రమే గల దురలవాటుగా భావించుటకు వీలులేదు" అని ఉత్తర్వు వచ్చింది. ఆయన మళ్లీ పనిలో చేరాడు. ముక్కుకి నాలుగు వందల పదమూడో నంబరు ఇచ్చి మీటర్ల రిజిస్టరులో ఎక్కించారు. సంతకం పెట్టమంటే, "ఇన్నాళ్లకి పర్మినెంటయింది రా," అని నాతో నవ్వాడు. గోడమీద దండ ఎండిపోయింది, ఎవరూ మార్చలేదు. మీటరు నలభై ఒకటి అంటోంది, యాభై ఏడు అంటోంది, నలభై తొమ్మిది అంటోంది. దాన్ని చూస్తుంటే నాకు హాయిగా ఉంది.

నాకు మెమో రానే వచ్చింది. "ఎనిమిది మాసములుగా ముప్పై ఎనిమిదిగా నున్న రీడింగు ఆరువందల పన్నెండుకును, ఆపై ఎడతెగకుండగను మారుచుండుటకు గల కారణమును ఆరు ప్రతులలో సమర్పించవలెను." ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆరు కాగితాల మీదా ఒక్కటే రాశాను: "మీటరు పనిచేస్తున్నది."

నాలుగు రోజుల తర్వాత పరాంకుశం గారి చక్కటి చేతిరాతతో జవాబు వచ్చింది.

"కారణము సంతృప్తికరముగా నున్నది. ఇకముందు ఇట్టిది పునరావృతము కాకుండ చూచుకొనవలెను."